నతానియేలు నాలుగో గోలు

నతానియేలు ఒకచోట కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు మామిడికుదురు చుట్టుపక్కల ఎవరూ లేరు. చర్చిలో ప్రసంగం నడుస్తుంటే వెనక గుమ్మం దగ్గర నిలబడి వింటాడు. అన్నం తింటూ తింటూ మధ్యలో లేచి, ఎడంచేత్తో సైకిలు చక్రం నొక్కి గాలి చూసొస్తాడు. పెళ్లిచూపుల్లో కూడా ఆయన కూర్చోలేదని, ఎత్తరుగు మీద అటూ ఇటూ తిరుగుతూనే తనని చూసేడని భార్య సుందరి చెప్పేది. ఆవిడ ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. "నలభై మంది పిల్లల్ని బల్లల మీద కూర్చోబెట్టగలను గాని ఈయన ఒక్కడూ నా వల్ల కాదండీ" అనేది పక్కింటివాళ్లతో.

ఉద్యోగం కూడా కాలు నిలవనిదే దొరికింది. మలేరియా డిపార్ట్‌మెంటులో ఊళ్లు తిరిగే పని. ఖాకీ సంచీ భుజాన వేసుకుని ఇంటింటికీ వెళ్లి "జొరం ఎవరికన్నా ఉందాండీ" అని అడగాలి. ఉంటే వేలికి సూది గుచ్చి, గాజు పలక మీద రక్తం చుక్క తీసుకుని, చేదు మాత్రలు ఇచ్చి, గుమ్మం పక్క గోడ మీద తేదీ రాసి రావాలి. పిల్లలు ఆయన్ని చూస్తే వేళ్లు దాచుకునేవారు. పెద్దవాళ్లు మాత్రం పిలిచి మజ్జిగ ఇచ్చేవారు. ఎందుకంటే ఆయన ఒట్టి మలేరియా మనిషి కాదు, నాలుగో గోలు కొట్టిన నతానియేలు.

ఆ గోలే ఆయన్ని కూర్చోనివ్వలేదు.

1973 ఫిబ్రవరిలో, రెండో పంట దాళవాకి నాట్లు అయ్యాక, రాజోలులో ఫుట్‌బాల్ టోర్నమెంటు పెట్టేరు. చిన్న చిన్న ఊళ్ల జట్లన్నీ రాలిపోయి చివరికి రెండు మిగిలేయి. ఒకటి అమలాపురం జట్టు. తెల్ల బనీన్లు, కాళ్లకి బూట్లు, వెంట సోడాల పెట్టె. రెండోది నతానియేలు వాళ్ల పేట జట్టు. తండ్రులు చేలల్లో కూలికి పోయేవాళ్లు, కొడుకులు మిషన్ బడిలో చదువుకుంటూ ఆట నేర్చుకున్నవాళ్లు. సగం మందికి బూట్లు లేవు. ఉన్నవాళ్లు కూడా, మిగతావాళ్లు వట్టికాళ్లతో ఆడుతుంటే బాగుండదని విప్పేసేరు. కెప్టెను మత్తయి. ఎడం అంచున ఆడే లెఫ్ట్ అవుట్ నతానియేలు. అప్పటికి ఇరవై రెండేళ్లవాడు, సన్నగా కొబ్బరి ఈనెలా ఉండేవాడు.

హాఫ్ టైముకి అమలాపురం మూడు గోల్స్ కొట్టింది, పేట ఒక్కటీ కొట్టలేదు. చూడొచ్చినవాళ్లు లేచి సైకిళ్లు వెతుక్కుంటున్నారు. ఆ తర్వాత ఏం జరిగిందో ఎవరికి వాళ్లు ఒక రకంగా చెబుతారు గాని, జరిగింది ఇది. ఆట మొదలైన కాసేపటికే మత్తయి తలతో ఒకటి కొట్టేడు. కార్నర్ నుంచి వచ్చిన బంతి వాళ్ల బ్యాకు మోకాలికి తగిలి లోపలికి పోయింది, అది రెండు. మూడోది పెనాల్టీ. వెళ్లిపోయేవాళ్లు సైకిళ్లు స్టాండు వేసి వెనక్కి వచ్చేరు. పొద్దు వాలుతోంది. ఆట ఇలాగే సమంగా ముగిస్తే ఎక్స్‌ట్రా టైం ఆడించాలని పెద్దలు మాట్లాడుకుంటున్నారు. అప్పుడు మత్తయి కుడివైపు నుంచి ఎత్తి వేసిన బంతి నతానియేలు ముందు పడింది. ఎదురుగా గోలీ ఒక్కడే.

ఆ గోలీ పేరు శరభయ్య. అమలాపురంలో వేదం చెప్పే ఇంట్లో పుట్టినవాడు. పొడుగు చేతులు, బనీను లోపల జంధ్యం. మొదటి సగంలో నతానియేలు కొట్టిన రెండు బంతుల్ని పిల్లిలా దూకి పట్టుకున్నవాడు. ఇప్పుడు మాత్రం దూకలేదు. మోకాళ్లు కాస్త వంచి, చేతులు రెండూ కిందకి వదిలి, నతానియేలు మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. నతానియేలు ఎడంకాలితో కొట్టేడు. బంతి శరభయ్య భుజం పక్కనించి, చెయ్యి చాపితే అందేంత దూరంలో వెళ్లి లోపల పడింది. ఆయన తల కూడా తిప్పలేదు.

పేట పేటంతా నతానియేలుని భుజాల మీద ఎత్తుకుంది. కప్పు తీసుకెళ్లి చర్చి బీరువాలో పెట్టేరు. అయితే ఆ సాయంత్రమే, గ్రౌండు దాటకుండానే, ఎవరో ఒక మాటన్నారు. "పాశర్లపూడి రేవులో ఏరు దాటించే ఆఖరి పంటుకి వేళవుతోంది. ఎక్స్‌ట్రా టైం ఆడితే పంటు పోతుంది. అందుకే గోలీ వదిలేసేడు."

ఆ మాట అన్నదెవరో ఎప్పటికీ తెలియలేదు. తెల్లారేసరికి అది ఏరు దాటి అమలాపురం చేరింది. అక్కడివాళ్లు ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. అడిగినవాళ్ల వంక చూసి నవ్వి ఊరుకున్నారు.

నతానియేలుకి ఆ నవ్వు సంగతి తెలిసిన రోజు నుంచీ మొదలైంది బాధ. ఉద్యోగం వచ్చింది, మత్తయి చెల్లెలు సుందరితో పెళ్లయింది, ఇద్దరు ఆడపిల్లలు పుట్టేరు. ఆ మాట మాత్రం ఎక్కడికి వెళ్తే అక్కడికి ముందే చేరి ఉండేది. ఏ ఊళ్లోనైనా రక్తం చుక్క ఇచ్చినాయన వేలు నోట్లో పెట్టుకుని, "ఆ గోలు మీరేనటగా అండీ కొట్టింది" అనేవాడు. ఈయన మొహం వికసించేది. ఆ వెంటనే "పంటు కోసం వదిలేసేరంటారు, నిజమేనా" అనేవాడు. అంతే. సంచీ కింద పెట్టి, మత్తయి ఎక్కడ నిలబడ్డాడో, బంతి ఎలా వచ్చిందో, తను ఏ కాలితో కొట్టేడో చెప్పడం మొదలుపెట్టేవాడు. తిరగాల్సిన ఇళ్లు సగం మిగిలిపోయేవి.

మామిడికుదురు సెంటర్లో శ్రీరాములు టీ కొట్టు ఆ వాదనకి కోర్టు. శ్రీరాములుకి ఫుట్‌బాల్ రాదు, కాని వాదన చల్లారిపోకుండా కాయడం వచ్చు. ఎవరైనా "మూడు గోల్స్ వెనకబడి గెలిచేరంటే కష్టపడి సంపాదించుకున్నట్టే కదండీ" అంటే, "ఆయ్, మూడూ సంపాదించుకున్నారండి. నాలుగోదే తేలటంలేదు" అనేవాడు గ్లాసులు కడుగుతూ. ఇంకొకడు అందుకుని, "మొదటి సగంలో పిల్లిలా దూకినవాడు చివర్లో స్తంభంలా ఎందుకు నిలబడతాడండీ" అనేవాడు. నతానియేలుని కూడా తొలిచేది అదే. కొట్టింది తనే, ఎదురుగా ఉన్నది తనే, ఆ కళ్లు చూసింది తనే. ఆ కళ్లలో ఏముందో మాత్రం గుర్తు చేసుకున్న ప్రతిసారీ ఒక్కోలా కనిపించేది.

సుందరి చాలాసార్లు నచ్చజెప్పింది. "పేటవాళ్ల చేతిలో ఓడిపోయేమని చెప్పుకోవడం కంటే, పోనీలే అని వదిలేసేమని చెప్పుకోవడం వాళ్లకి తేలిక. ఆ మాత్రం మీకు తెలీదా?"

"తెలుసు. కాని గోలీ నిలబడ్డాడు కదా."

"నిలబడితే నిలబడ్డాడు. గోలు కొట్టి పన్నెండేళ్లు కావస్తోంది, మీరింకా పరిగెడుతూనే ఉన్నారు."

మత్తయి ధోరణి వేరు. అంబాజీపేటలో కొబ్బరికాయలు లారీలకి ఎక్కించే దగ్గర మేస్త్రీ ఆయన. ఏదీ మనసులో పెట్టుకునే మనిషి కాదు. ఒక ఆదివారం భోజనాల దగ్గర, "వదిలితే ఏం, కొడితే ఏం బావా? కప్పు మన బీరువాలో ఉంది" అన్నాడు. నతానియేలు చెయ్యి కడిగేసుకున్నాడు. "బంతి వేసినవాడివి నువ్వు. నువ్వు కూడా ఆ మాటంటే ఇంక నాకెవరున్నారు" అని లేచి వెళ్లిపోయేడు. ఆ తర్వాత చాలాకాలం బావలిద్దరూ చర్చిలో చెరో వైపు నిలబడ్డారు. మధ్యలో నలిగింది సుందరి.

1984లో వానలు తగ్గుముఖం పడుతున్న రోజుల్లో, నతానియేలు తిరిగే ఊళ్లలో ఒకదాని శివాలయానికి కొత్త పూజారి వచ్చేడు. ఆయన తల్లికి చలిజొరమని కబురొస్తే నతానియేలు వెళ్లేడు. అరుగు మీద నిలబడి పిలిస్తే లోపల్నించి వచ్చిన మనిషిని ముందు చేతులు చూసే పోల్చుకున్నాడు. పొట్ట కాస్త ముందుకొచ్చింది, జుట్టు వెనక్కి తగ్గింది. చేతులు మాత్రం అవే.

శరభయ్య ఈయన్ని గుర్తుపట్టినట్టు కనిపించలేదు. తల్లి శ్యామలాంబని చెయ్యి పట్టుకుని అరుగు మీదికి తీసుకొచ్చి కూర్చోబెట్టేడు. ఆవిడ వేలు చాపుతూ, "నెమ్మదిగా గుచ్చు నాయనా" అంది. అంతమంది వేళ్లు గుచ్చిన నతానియేలు ఆ రోజు ఆవిడ వేలు వదిలి శరభయ్య చేతుల వంకే చూసేడు. రక్తం చుక్క పలక మీద సరిగా పడక రెండోసారి తీయాల్సొచ్చింది.

మాత్రలు ఇచ్చిన మర్నాడు మళ్లీ వెళ్లేడు. ఆ తర్వాతా వెళ్లేడు. ఆవిడ జొరం తగ్గి పప్పు రుబ్బుకుంటోంది, అయినా వెళ్లేడు. చివరికి ఒక పూట అరుగు కింద నిలబడి అడిగేసేడు.

"పంతులుగారూ, డెబ్భై మూడులో రాజోలు ఫైనలు మీకు గుర్తుందాండీ?"

శరభయ్య విస్తళ్లు కుడుతున్నాడు. పుల్ల గుచ్చుతూ తలెత్తకుండా, "చాలా ఆటలు ఆడేం కదండీ. ఏ ఫైనలో" అన్నాడు.

"మూడు గోల్స్ వెనకబడి మేం నాలుగు కొట్టేం. ఆఖరిది నేను కొట్టేను. మీరు దూకలేదు."

"గుర్తు లేదండీ" అన్నాడు శరభయ్య. ఇంకో ఆకు తీసుకున్నాడు.

నతానియేలు సైకిలెక్కేడు గాని ఎటు తొక్కుతున్నాడో చూసుకోలేదు. వదిలేసేనని చెప్పినా బాగుండేది, పోట్లాడేవాడు. దూకలేకపోయేనని చెబితే కాళ్లకి దణ్ణం పెట్టేవాడు. గుర్తే లేదంటే ఏం చెయ్యాలి? తన బతుకంతటికీ గొప్ప సంగతి అవతలివాడికి జ్ఞాపకమైనా లేదు. ఆ రాత్రి సుందరి ఎంత అడిగినా ఏం జరిగిందో చెప్పలేదు. మర్నాటి నుంచి ఆ వీధి మానేసి చుట్టూ తిరిగి వెళ్లడం మొదలుపెట్టేడు.

మరుసటి జనవరిలో రిపబ్లిక్ డేకి రాజోలు కుర్రాళ్లు ఒక ఆలోచన చేసేరు. పాత జట్లు రెండింటినీ మళ్లీ ఆడిద్దాం, ఆ గోలు గొడవ ఒకసారి తేలిపోతుంది అన్నారు. ఆటలో ఏం తేలుతుందో ఎవరూ అడగలేదు. జనం మాత్రం అప్పటికంటే ఎక్కువ వచ్చేరు. శ్రీరాములు కొట్టు మూసి మరీ వచ్చేడు. మత్తయి పొట్ట చుట్టూ తువ్వాలు బిగించుకుని వచ్చి, నతానియేలు భుజం మీద చెయ్యి వేసి, "ఇవాళ ఎవరూ వంక పెట్టకుండా కొట్టు బావా" అన్నాడు. నతానియేలు తలూపేడు. అంతకాలం మాట్లాడుకోని సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

శరభయ్య వస్తాడని ఎవరూ అనుకోలేదు. ఉదయం పూజ ముగించుకుని, పంచె గోచీ పోసి బిగించి, పైన ఎవరిదో పాత బనీను తొడుక్కుని గోలు ముందు నిలబడ్డాడు. పొడుగు చేతులు రెండూ ఒకసారి పైకెత్తి గోలు అడ్డకర్రని తాకి చూసుకున్నాడు. తాకింది. పక్కనున్నవాళ్లు చప్పట్లు కొట్టేరు.

ఆట ఏమంత ఆట కాదు. అందరూ ముప్పై దాటినవాళ్లు, కొందరు నలభై దగ్గర పడ్డవాళ్లు. పది అడుగులు పరిగెత్తితే ఆగి నడుం పట్టుకునేవారు. మత్తయి ఎలాగో ఒక గోలు కొట్టి అక్కడే కూలబడ్డాడు. పేట ఒకటి, అమలాపురం సున్న. రోజూ సైకిలు తొక్కే నతానియేలొక్కడికే ఊపిరి మిగిలింది. రెండో సగంలో బంతి ఆయనకి దొరికింది. ఎదురుగా ఎవరూ లేరు. వెనక వచ్చేవాళ్లు రొప్పుతూ చాలా వెనక ఉన్నారు. గోలు దగ్గరకి వెళ్లేసరికి శరభయ్య ఒక్కడే.

ఆయన దూకలేదు. మోకాళ్లు వంచి, చేతులు కిందకి వదిలి, మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు.

నతానియేలు బంతి మీద కాలు పెట్టి ఆపేసేడు.

"ఎందుకండీ అలా నిలబడతారు?"

చుట్టూ జనం ఏదో అరుస్తున్నారు. శరభయ్య రెండడుగులు ముందుకు వేసేడు.

"మీరెటు కొడతారో తెలీక" అన్నాడు. "మిగతావాళ్లని చూస్తే తెలిసిపోతుంది. మిమ్మల్ని చూస్తే తెలీదు. అప్పుడూ తెలీలేదు, ఇప్పుడూ తెలీలేదు."

అంటూనే ఇంకో అడుగు వేసి, వంగి, నతానియేలు కాలి కింద నుంచి బంతి లాగేసుకుని, బలమంతా పెట్టి అవతలికి విసిరేసేడు.

ఆ బంతి అవతల అమలాపురం వాళ్లకి అంది గోలైంది. కాసేపటికి ఇంకొకటైంది. అమలాపురం రెండు, పేట ఒకటి. రిఫరీ ఈల వేసేవరకూ నతానియేలు గ్రౌండు మధ్యలో నడుస్తూనే ఉన్నాడు గాని బంతి వెనక వెళ్లలేదు. ఎటు కొడతారో తెలీక అన్న మాట చెవిలో తిరుగుతోంది. గుర్తు లేదన్నవాడికి అంతా గుర్తుంది.

మత్తయి కోపం చూడాలి. "నిలబెట్టి మాట్లాడతావా? ఒక్క తాపు తంతే రెండయ్యేది. వదిలేసేవు. పంతులుగారని వదిలేసేవు" అన్నాడు తువ్వాలు విప్పి నేలకేసి కొట్టి. పేట కుర్రాళ్లు కూడా అదే మాట. సాయంత్రానికి శ్రీరాములు కొట్టులో కొత్త కేసు నడుస్తోంది. అమలాపురం వాళ్లు వెనకబడి గెలిచేరే, అది వాళ్లు సంపాదించుకున్నదా, నతానియేలు చేతిలో పెట్టిందా? పూజారి తల్లికి జొరం వచ్చినప్పటి నుంచీ రాకపోకలున్నాయన్నారు కొందరు. పూజారి ఏదో మంత్రం వేసేడన్నాడు ఒకడు. నతానియేలు ఒక మూల టీ గ్లాసు పట్టుకుని నిలబడి విన్నాడు. పన్నెండేళ్లలో మొదటిసారి, వాదించకుండానే గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లిపోయేడు.

రెండు రోజుల తర్వాత శరభయ్య నడుచుకుంటూ పేటకి వచ్చేడు. పూజారి పేటలోకి రావడం చూసి జనం గుమ్మాల్లోకి వచ్చేరు. సుందరి కుర్చీ వేసింది. ఆయన కూర్చోలేదు. కొబ్బరిమట్టల దడి పక్కన నిలబడ్డాడు.

"మీరు నాకు వదిలేసేరంటున్నారు, ఊరంతా. నిజమేనా అండీ?"

అదే మాట అప్పుడు నతానియేలు ఆయన అరుగు కింద నిలబడి అడిగింది. "ముందు మీరొకటి చెప్పండి పంతులుగారూ. గుర్తు లేదని ఎందుకన్నారు?"

"అప్పుడు మా అమ్మ లోపలుంది" అన్నాడు శరభయ్య. "నేను బంతి ఆడడం మా నాన్నకి ఇష్టం లేదు. ఈ ఒక్క ఫైనలు ఆడి మానేస్తాను, తర్వాత మీరు చెప్పినట్టు వేదం చదువుకుంటాను, దేవుడి పని చేసుకుంటాను అని నాన్నకి ఒట్టేసి ఒప్పించేను. అదే నా ఆఖరి ఆట. అది తెలిసి ఆడేను. ఇంట్లో ఆ మాట ఎత్తితే, ఆట మానిపించేమని అమ్మకి బాధ. అందుకని ఎత్తను."

"మరి పంటు?"

"మేం వెళ్లేసరికి పంటు వెళ్లిపోయింది. రేవులోనే పడుకున్నాం అందరం. ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడుకోలేదు. మర్నాడు మావాళ్లు పంటు మాట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టేరు. నేను కాదనలేదు. కాదనాల్సింది." దడిలోంచి ఊడిన మట్ట ఒకటి లోపలికి తోసి, "ఆఖరి ఆట ఎవరైనా వదులుకుంటారా అండీ" అన్నాడు.

సుందరి గుమ్మంలో నిలబడి భర్త మొహం చూసింది. ఇన్నేళ్లూ ఈ మాట కోసమే కదా తిరిగేడు, ఇప్పుడైనా కూర్చుంటాడనుకుంది. నతానియేలు కూర్చోలేదు. కళ్లలో నీళ్లు తిరిగేయి, భుజం మీది తువ్వాలుతో తుడుచుకున్నాడు, అంతే.

"ఇప్పుడు మీరు చెప్పండి" అన్నాడు శరభయ్య. "ఆ బంతి నేను తీసుకున్నానా, మీరిచ్చేరా? నలభైకి దగ్గరపడ్డవాడిని, పొట్ట వచ్చినవాడిని. మళ్లీ ఒక్కసారి గెలిచేననుకున్నాను. ఇంటికెళ్లి అమ్మకి కూడా చెప్పేను. ఆవిడ నవ్వింది. ఇప్పుడు బజారులోకి వెళ్తే అందరూ ఇంకోలా నవ్వుతున్నారు."

నతానియేలు కొట్టాలనే వెళ్లేడు. ఆయన నిలబడ్డం చూసి ఆగేడు. ఆగినప్పుడు బంతి గుర్తుందా, లేదా? ఆయన అడుగులు వేస్తుంటే కనబడలేదా? కనబడ్డాయి. మరి కాలెందుకు తియ్యలేదు?

"తెలీదండీ" అన్నాడు చివరికి.

శరభయ్య సుందరి ఇచ్చిన కొబ్బరిబొండం తీసుకుని, తాగకుండా చేత్తో పట్టుకుని వెళ్లిపోయేడు.

తర్వాత సుందరి ఊరుకోలేదు. "ఆయన అంతదూరం నడిచొచ్చి మీ మనసులో ముల్లు తీసేడు. మీరు ఆయనకి ఇంకొకటి గుచ్చి పంపించేరు. వెళ్లి ఏదో ఒకటి చెప్పండి."

"ఏం చెప్పను?"

"నిజం."

"అది తెలిస్తే కదా."

"తెలిసినంత వరకు చెప్పండి" అంది ఆవిడ, బడికి వేళవుతోందని చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ.

మత్తయితో మాటలు మళ్లీ కలిసేయి. ఆయన కోపం ఎప్పుడూ ఎక్కువ రోజులు ఉండేది కాదు. ఇంకో ఆదివారానికి భోజనానికి వచ్చి, చేప ముక్క ఏరుకుంటూ, "పోన్లే బావా, వాళ్లకి కప్పేం ఇవ్వలేదుగా" అన్నాడు. నతానియేలు ఈసారి చెయ్యి కడుక్కోలేదు.

ఆ వారంలోనే ఒక ఉదయం శివాలయం వీధికి సైకిలు తిప్పేడు. శరభయ్య గుడి ముందు పూలసజ్జతో ఎదురొచ్చేడు. నతానియేలు దిగేడు.

"పంతులుగారూ, నేను కొట్టాలనే వచ్చేనండీ. మిమ్మల్ని చూసి ఆగేను. ఆగింది నేను, తీసుకుంది మీరు. నేను ఇవ్వలేదు. ఇచ్చుంటే చేతికిచ్చేవాణ్ణి, మీరు వంగి లాక్కోవాల్సిన పని ఉండేది కాదు."

శరభయ్య పూలసజ్జ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "ఆయ్" అన్నాడు. మళ్లీ, "గట్టిగా తొక్కిపెట్టే ఉంచేరా కాలు?" అన్నాడు.

"గట్టిగానే ఉందనుకుంటానండీ."

"అనుకుంటారా?"

నతానియేలుకి ఆ గొంతు బాగా తెలుసు. పన్నెండేళ్లు అది తన గొంతే. ఈయన రేపు మళ్లీ అడుగుతాడు, ఎల్లుండీ అడుగుతాడు. గుడికి వెళ్తూ అడుగుతాడు, వస్తూ అడుగుతాడు. నతానియేలు సైకిలుకి స్టాండు వేసి, హ్యాండిలు వదిలేడు.

"రండి, నిలబడి చూపిస్తాను" అని, వీధిలో పడి ఉన్న ఎండు కొబ్బరికాయ ఒకటి కాలితో దగ్గరకి లాగి, దాని మీద పాదం పెట్టేడు. శరభయ్య పూలసజ్జ అరుగు మీద పెట్టి, పంచె పైకి దోపుకుని ముందుకు వచ్చేడు.